స్వీడిష్ వాళ్లని ముంచేది రాని ఇంగ్లీషు పదం కాదు, వచ్చనుకున్న పదం

స్వీడన్‌లో అందరూ ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు కదా, మరి యూనివర్సిటీ రాతల్లో పదాల దగ్గర ఎందుకు తడబడతారు, ఎలా నేర్చుకోవాలి అన్నది ప్రశ్న.

హిందీలో ‘శిక్షా’ అంటే చదువు, ‘ఉపన్యాస్’ అంటే నవల. తెలుగువాడు ఆ మాటలు వింటే తెలిసినవే అనుకుని దాటేస్తాడు, నిఘంటువు తియ్యడు. స్వీడిష్, ఇంగ్లీషు మధ్య చిక్కు అదే. ఇంగ్లీషు టీవీ కార్యక్రమాలు, చిన్నపిల్లలవి తప్ప, చాలావరకు డబ్బింగ్ లేకుండా సబ్‌టైటిళ్లతో వస్తాయి కాబట్టి మాటల ఇంగ్లీషు చిన్నప్పుడే చెవిన పడుతుంది. యూనివర్సిటీలో పాఠం స్వీడిష్‌లో జరిగినా పుస్తకం చాలాసార్లు ఇంగ్లీషులోనే ఉంటుంది. చదివితే అర్థమవుతుంది. రాయబోతేనే తేలుతుంది.

థీసిస్‌లో ఒక్క వాక్యం చూడండి. స్వీడిష్‌లో ‘ఎవెంతుఎల్లా ఫేల్ కొంట్రొలేరాదెస్’ అంటే, తప్పులేమైనా ఉన్నాయేమోనని సరిచూశారు అని. అది ఇంగ్లీషులో ‘ఎవెంచువల్ ఎర్రర్స్ వర్ కంట్రోల్డ్’ అయి కూర్చుంటుంది. వ్యాకరణం శుభ్రంగా ఉంది, స్పెల్‌చెక్ ఎర్రగీత పెట్టదు. చదివేవాడికి మాత్రం ‘చివరికి తలెత్తిన తప్పుల్ని అదుపులో పెట్టారు’ అని తోస్తుంది. గణాంకాలున్న పేపరైతే మరీ ప్రమాదం: కంట్రోల్ అన్నారంటే ఆ అంశం ప్రభావాన్ని లెక్కలోంచి వేరు చేశారనుకుంటారు. రాయాల్సింది ‘ద డేటా వర్ చెక్డ్ ఫర్ ఎర్రర్స్’. ‘ఎవెంతుఎల్’ ఉన్న చోట ఇంగ్లీషులో తరచు ‘ఎనీ’ సరిపోతుంది, లేదా ఏమీ అక్కర్లేదు.

‘అక్తుఎల్’ అంటే యాక్చువల్ కాదు, కరెంట్. ‘కొన్సెక్వెంట్’ అంటే కన్సిస్టెంట్. ‘ఎఫెక్తీవ్’ ఇంకా మోసం: ఎఫెక్టివ్, ఎఫిషియంట్ రెండిటికీ స్వీడిష్‌లో అదొక్కటే. మందు పనిచేయడం వేరు, తక్కువ ఖర్చులో పనిచేయడం వేరు. పేపర్‌లో ఆ తేడా మీదే వాదన నిలబడొచ్చు.

యూనివర్సిటీ రాతల్లో తరచు కనిపించే ఇంగ్లీషు పదాల జాబితా ఒకటుంది, భాషావేత్త ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్. అందులో 570 పద కుటుంబాలున్నాయి, అంటే ఒక మూలపదం, దాని రూపాలూ కలిపి ఒక కుటుంబం. పది భాగాలు: తొమ్మిదింటిలో అరవయ్యేసి, చివరిదాంట్లో ముప్ఫై. వరసగా బట్టీ పట్టొద్దు, ముందు మూడు కుప్పలు చెయ్యండి. మెథడ్, థియరీ, స్ట్రక్చర్ లాంటివి స్వీడిష్‌లోనూ ఇంచుమించు అవే, వదిలెయ్యండి. ఆల్బీట్, వేర్‌బై లాంటి అచ్చంగా కొత్తవి రోజుకి ఐదు చాలు. అసలు శ్రమంతా మూడో కుప్పకి, అంటే పోలికతో మోసగించే వాటికి పెట్టాలి. ‘ఎవెంచువల్’ ఆ జాబితాలో ఎనిమిదో భాగంలో ఉంది. మొదటి రెండు భాగాలతో ఆపేసేవాళ్లు అక్కడిదాకా వెళ్లనే వెళ్లరు.

పదం పక్కన ఒక్క స్వీడిష్ అర్థం రాసే ఫ్లాష్‌కార్డులు నాకు అస్సలు నచ్చవు. ‘ఉందెర్‌సోక్నింగ్’ అన్న ఒక్క మాటకి ఇంగ్లీషులో సర్వే, స్టడీ, ఇన్వెస్టిగేషన్, ఎగ్జామినేషన్ ఇన్ని ఉన్నాయి. పైగా స్వీడిష్‌లో దాన్ని ‘చేస్తారు’ కాబట్టి ‘మేక్ ఎన్ ఇన్వెస్టిగేషన్’ అని రాసేస్తారు. కార్డు మీద ‘కండక్ట్ ఎ సర్వే’ అని క్రియతో కలిపి రాయండి. లెక్కపెట్టే నామవాచకమో కాదో కూడా గుర్తు పెట్టండి: స్వీడిష్‌లో ‘కున్‌స్కాపెర్’ బహువచనం, ‘నాలెడ్జెస్’ పుట్టేది అందులోంచే.

సాధనకి, స్వీడిష్ యూనివర్సిటీల థీసిస్‌లు దొరికే దీవా పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో రెండు భాషల్లోనూ సారాంశం ఉన్న థీసిస్ ఒకటి తీసుకోండి. స్వీడిష్‌ది 150 మాటలు సొంతంగా ఇంగ్లీషులోకి మార్చి, రెండోదాంతో పోల్చండి. అక్కడి ఇంగ్లీషులోనూ ఇవే తప్పులు దొర్లి ఉండొచ్చు కాబట్టి, తేడా వచ్చిన ప్రతి పదాన్నీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు అదే రంగంలో రాసిన రెండు మూడు వ్యాసాల్లో వెతికి, దాని ముందూ వెనకా ఏ మాటలొస్తున్నాయో చూసి అప్పుడు కార్డు రాయండి.