తిరుగుతున్న జైరోస్కోపు బరువు తగ్గుతుందా?

జైరోస్కోపు అంటే ఇరుసు మీద వేగంగా తిరిగే చక్రం. అది చేతికి తేలికగా తగులుతోంది కాబట్టి, చుట్టూ ఉన్న శూన్యమే దాన్ని పట్టి నిలుపుతోందనీ, న్యూటన్ నియమాలు అక్కడ చెల్లవనీ అనవచ్చా అని మీరు అడిగారు. డిగ్రీ విద్యార్థులకు చాలాకాలంగా ఈ ప్రయోగాలు చేయిస్తున్నాను. నియమాలు చెల్లుతాయనే నా జవాబు, అయితే ఆ తేలికదనాన్ని భ్రమ అని కొట్టిపారేయడం న్యాయం కాదు.

1974లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ వివాదాన్ని లేవనెత్తిన ఎరిక్ లేథ్‌వెయిట్ సామాన్యుడు కాడు. గుండ్రంగా తిప్పకుండా నేరుగా ముందుకు నెట్టే లీనియర్ మోటార్లలో పేరుపొందిన ఇంపీరియల్ కాలేజీ ఆచార్యుడు. ఆగి ఉన్న బరువైన చక్రాన్ని ఇరుసు చివర పట్టుకొని అడ్డంగా నిలపాలంటే, బరువు మోయడంతోపాటు దాన్ని కిందికి వంచే టార్క్‌ను, అంటే తిప్పే ప్రభావాన్ని, మణికట్టు ఎదిరించాలి. నిజంగా కష్టమైనది ఆ రెండో పనే. చక్రం తిరుగుతూ, ఇరుసు పక్కకు స్వేచ్ఛగా జరుగుతున్నప్పుడు ఆ టార్క్ కోణీయ ద్రవ్యవేగపు (చక్రం తిరుగుడులోని ఊపు) దిశను మార్చడానికే ఖర్చవుతుంది కనుక మణికట్టుకు శ్రమ తప్పుతుంది, భుజానికి మాత్రం బరువు అంతే ఉంటుంది. ప్రెసెషన్ అనే ఆ పక్క కదలికను కాస్త తొందరపెడితే ఇరుసు పైకి కూడా లేస్తుంది, అందుకు కావలసిన శక్తి తిప్పుతున్న మనిషి నుంచే వస్తుంది.

మా ల్యాబులో సైకిల్ చక్రం రిమ్ముకు సీసపు తీగ చుట్టి, ఇరుసు ఒక కొనను తాడుతో స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీస్తాం. తిప్పి వదలగానే ఇరుసు తలూపుతుంది, దానితోపాటు ముల్లూ ఊగుతుంది. అది పైకి పోయిన క్షణంలో అంకె రాసుకున్న విద్యార్థికి బరువు తగ్గినట్టే కనిపిస్తుంది. ఊపు అణగాక ముల్లు పాత గీత దగ్గరే నిలుస్తుంది. ప్రెసెషన్‌లో అపకేంద్ర బలం (గుండ్రంగా తిరిగే వస్తువును బయటికి లాగుతున్నట్టు తోచే బలం) ఉండదన్న వాదననూ అక్కడే పరీక్షించవచ్చు: పక్కన గుండు కట్టిన దారం వేలాడదీసి పోల్చితే, చక్రాన్ని మోస్తున్న తాడు చక్రం వైపు కొద్దిగా ఒరిగి కనిపిస్తుంది. ఆ ఒరుగు ప్రెసెషన్ వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, ప్రెసెషన్ నెమ్మదిగా ఉన్నప్పుడు కంటికి ఆనదు.

1989లో జపాన్ పరిశోధకులు హయసాకా, తకెయుచి, కుడివైపు తిరిగే చిన్న జైరోస్కోపులు మిల్లీగ్రాముల మేర బరువు కోల్పోయాయని ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే భౌతికశాస్త్ర పత్రికలో ప్రకటించారు. ఏ దిశలో, ఎంత వేగానికి, ఎంత తగ్గుదల అన్నది వారు స్పష్టంగా చెప్పారు కనుకనే 1990లో ఇతర బృందాలు తూచి చూసి, అలాంటి తగ్గుదల లేదని తేల్చగలిగాయి. ఆ స్పష్టతను నేను గౌరవిస్తాను.

మీ వివరణకూ ఒక పరీక్ష ఉంది. ఇరుసు పక్కకు జరగకుండా రెండు నిలువు కడ్డీల మధ్య అడ్డుకుంటే, అంతే వేగంగా తిరుగుతున్న చక్రం కూడా వెంటనే కిందికి పడిపోతుంది. శూన్యమే దాన్ని నిలుపుతున్నట్టయితే, ఇక్కడ ఎందుకు నిలపలేకపోయిందో ఆ వివరణ చెప్పాలి.