పిల్లల డిజైన్ పాఠానికి క్రాక్ కాపీ ఎందుకు?

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు గ్రాఫిక్ డిజైన్ నేర్పుతున్నాను. ల్యాబ్‌లో ఉన్నవన్నీ 4 జీబీ ర్యామ్ కంప్యూటర్లు. తెలిసినవారు ఖరీదైన ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ కాపీని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. యాంటీవైరస్ ఆపితేనే ఇన్‌స్టాల్ అవుతోంది. ఆపవచ్చా? వేరే కంప్యూటర్లో దాన్ని వాడి చూస్తే తెలుగు ఒత్తులు విడిపోయి కనిపించాయి.
– ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ఆపవద్దు. ఆ పెన్‌డ్రైవ్‌ను ఇక ఏ కంప్యూటరుకూ పెట్టవద్దు. బడులు తెరిచే ప్రతి జూన్‌లోనూ ఇదే సందేహం వస్తోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

క్రాక్ అంటే లైసెన్స్ అడగకుండా చేసే చిన్న ఫైలు మాత్రమేనని చాలామంది నమ్ముతున్నారు. కానీ యాంటీవైరస్‌ను ఆపి, అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా ఇచ్చాక ఆ ఫైలు లోపల ఏం చేస్తోందో గమనించే కాపలా ఏదీ మిగలదు. ఇలాంటి కాపీల వెంట తరచుగా వచ్చే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) బ్రౌజర్‌లో భద్రపరచిన పాస్‌వర్డ్‌లనే కాక, మీరు లాగిన్ అయి ఉన్న ఖాతాల కుకీలను, అంటే మీ లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న ఫైళ్లను కూడా దొంగిలిస్తుంది. ఆ కుకీ చేతికి చిక్కితే చాలా సందర్భాల్లో దొంగకు పాస్‌వర్డ్‌తో గానీ ఓటీపీతో గానీ పని ఉండదు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది, పిల్లలు బొమ్మలు గీసే కంప్యూటరులోనే బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్ లాగిన్, విద్యార్థుల ఆధార్ వివరాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న ఎక్సెల్ షీట్లు ఉండటం. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు గానీ, పిల్లల ఆధార్ నంబర్లను అలా మార్చలేం. మీరు వాడి చూసిన ఆ కంప్యూటరుకు వెంటనే ఇంటర్నెట్ తీసేసి, పాస్‌వర్డ్‌లను మరో పరికరం నుంచి మార్చి, ఖాతాలన్నిటినీ అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేసి, విండోస్‌ను మళ్లీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయించండి.

క్రాక్ కాపీకి బదులు, గీతలతో వేసే బొమ్మలకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్ అనే సాఫ్ట్‌వేర్లు చాలు. గింప్‌ను 1995లో మొదలుపెట్టింది అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులే. రెండూ ఉచితం, ఎన్ని కంప్యూటర్లలోనైనా చట్టబద్ధంగా వేసుకోవచ్చు, పిల్లలు ఇంటికీ తీసుకెళ్లవచ్చు. పాఠానికి కావలసిన చిన్న బొమ్మలకు 4 జీబీ సరిపోతుంది. డౌన్‌లోడ్ మాత్రం వాటి సొంత వెబ్‌సైట్ల నుంచే చేయండి, వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనలను నొక్కవద్దు.

ఒత్తులు విడిపోవడానికి సాధారణ కారణం, ఆ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపులకు సంబంధించిన ఐచ్ఛికాన్ని ఎంచుకోకపోవడమే. కోట్లమంది రాసే లిపిని సరిగా చూపే సదుపాయాన్ని సెట్టింగుల అడుగున పెట్టడం క్షమించరాని నిర్లక్ష్యం. ఇంక్‌స్కేప్‌లో మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లతో టైప్ చేస్తే ఏ సెట్టింగూ మార్చకుండానే ఒత్తులు వాటి చోట కుదురుతాయి.

మొదటి పాఠంగా రెడీమేడ్ టెంప్లేట్ ఇవ్వకండి, దానిలో పేరు మార్చడం తప్ప పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఇంక్‌స్కేప్‌లో పెద్ద సైజులో ‘ర’ అక్షరాన్ని తెర మీద ఉంచి, ‘బి’ మీట నొక్కి, పెన్ సాధనంతో దాని అంచు వెంట గీయమనండి. మొదట ప్రతి ఒక్కరూ అడుగడుగునా నోడ్ (గీతను పట్టి ఉంచే బిందువు) పెడతారు, అంచు గతుకులుగా వస్తుంది. అప్పుడు వంపు మరీ పైకి, కిందికి, ఎడమకు, కుడికి వెళ్లిన చోట్ల మాత్రమే నోడ్లు ఉంచి మిగిలినవి తీసేయమని, నోడ్ల నుంచి బయటకు వచ్చే హ్యాండిళ్లను (వంపును మార్చే పిడులను) లాగి వంపు సరిచేయమని చెప్పండి. అది పట్టుబడ్డాకే రంగుల జోలికి వెళ్లండి.