బుజ్జీ, ముందు మన కొట్టు లెక్క రాయి

బుజ్జీ,

రాత్రి ఒంటిగంటకు నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున లేచి చూశాను. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. "క్లాసులో అందరికీ ఏం కావాలో తెలుసు అత్తయ్యా, నాకే తెలియట్లేదు" అన్నావు. అందరికీ తెలుసని నీకెవరు చెప్పారే? ఎంబీఏలో చేరిన ఆర్నెల్లకే "నేను ఫైనాన్స్", "నేను మార్కెటింగ్" అని గట్టిగా చెప్పేవాళ్లలో చాలామందిది ఎవరి దగ్గరో విన్న మాటే. నేనూ అలాగే చెప్పాను ఆ రోజుల్లో.

ముందు అకౌంట్స్ సంగతి చూద్దాం. బీఎస్సీ నుంచి వచ్చినదానివి, డెబిట్ క్రెడిట్ చూస్తే కళ్లు తిరగడం సహజం. పుస్తకం మూసి ఒక తెల్లకాగితం తీసుకో. నరసరావుపేటలో మన ఎరువుల కొట్టు లెక్క రాయి. జూలైలో మీ నాన్న 10 లక్షల సరుకు దింపాడనుకో. అదంతా పత్తి రైతులకు, మిర్చి రైతులకు 10 లక్షల 60 వేలకు అరువిచ్చాడు. లాభనష్టాల ఖాతాలో అప్పుడే 60 వేల లాభం కనపడుతుంది. గల్లాపెట్టెలో మాత్రం పైసా ఉండదు. రైతు కట్టేది పంట అమ్ముకున్నాక, సంక్రాంతి దగ్గరపడ్డాక. సరుకు వేసినవాడికేమో ముందే కట్టాలి. అందుకని ఆ 10 లక్షలూ నూటికి రూపాయి వడ్డీకి తెచ్చాడు. నెలకు 10 వేలు, ఆరు నెలలకు 60 వేలు. వచ్చిన లాభం వచ్చినట్టే వడ్డీకి పోయింది. అదే రూపాయిన్నర వడ్డీ అయితే 30 వేలు చేతినుంచి పడతాయి.

ఇప్పుడు వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారం రోజూ నడవడానికి తిప్పాల్సిన డబ్బు, ఆ పాఠం తియ్యి. నీకు ఐదారేళ్లప్పుడు యూరియా బస్తాల మీద కూర్చుని, "అన్ని బస్తాలు అమ్మావుగా నాన్నా, నాకు సైకిలెందుకు కొనవు" అని ఏడ్చావు. ఆ ఏడుపుకి జవాబే ఆ పాఠం. మీ తాతయ్య రాత్రి కొట్టు కట్టేసే ముందు చిట్టా రాసుకుని, తీరిక చిక్కినప్పుడు ఆవర్జాలోకి ఎక్కించేవారు. మీ సార్ జర్నల్, లెడ్జర్ అంటున్నవి అవే. మన ఇంట్లో మూడు తరాలుగా ఉన్న విద్యకి నువ్వు భయపడటం నేను చూడలేను.

అన్ని సబ్జెక్టులకీ సమానంగా టైమ్ పంచకు. అకౌంట్స్, స్టాటిస్టిక్స్ రోజూ ఒక గంట చెయ్యాల్సిందే, ఒక వారం వదిలేస్తే తర్వాతి వారం పాఠం తలకెక్కదు. మిగతావి పరీక్షల ముందు చదివినా గట్టెక్కుతావు. క్లాసులో చర్చకిచ్చే కంపెనీ కథ, అదే కేసు, చదివేటప్పుడు చివరున్న పట్టికలు ముందు చూడు. ఎవరు, ఏం తేల్చుకోవాలి, ఎప్పట్లోగా అన్నది ఒక్క లైనులో రాసుకుని అప్పుడు మొదటి పేజీకి రా. గ్రూపులో పని చెయ్యని పిల్లాడి గురించి రాశావు. ఆ మాట అతనికి మొదటి వారమే ముఖం మీద చెప్పు. సబ్మిషన్ ముందురోజు రాత్రి నువ్వొక్కదానివే కూర్చుని అందరి స్లైడ్లూ చెయ్యకు.

ఇక ఉద్యోగం సంగతి. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసినప్పుడు నేను హైదరాబాద్‌లో రెండో ఏడాది చదువుతున్నాను. డిసెంబర్‌లో ఎలాగో ఒక ఆఫర్ వచ్చింది. 2009 జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం మోసం బయటపడింది. పుస్తకాల్లో చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేవని ఛైర్మనే ఉత్తరం రాశారు. మా హాస్టల్లో అన్నయ్యలో అక్కలో అక్కడ పనిచేస్తున్న పిల్లలు ఎంతమందో, ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదు. ఏప్రిల్‌లో నా జాయినింగ్ వాయిదా వేశామని మెయిల్ వచ్చింది. ఆ తర్వాత ఎన్ని మెయిల్స్ పెట్టినా జవాబు లేదు.

చివరికి ఒక చిన్న పంపుసెట్ల కంపెనీలో సేల్స్‌లో చేరాను. నల్గొండ, ఖమ్మం వైపు ఎర్రబస్సుల్లో తిరిగి డీలర్లను కలవడం పని. అమ్మడం నాకు పెద్దగా రాలేదు. కానీ డీలర్ పక్కన కూర్చుని అతని పద్దుపుస్తకం తిరగేస్తే, ఇతను డబ్బు కట్టగలడా లేదా అన్నది ఇట్టే తెలిసిపోయేది. అలా అప్పులిచ్చే కంపెనీకి మారాను. ఇవాళ్టికీ నా ముందుకొచ్చే ప్రతి ఫైల్లో నేను మొదట అడిగేది ఒకటే: లాభం సరే, డబ్బు ఎక్కడుంది? నాకు నచ్చిన పని ఇదని క్లాసులో కూర్చుని ఎంత ఆలోచించినా తెలిసేది కాదు, బుజ్జీ. దానికి పక్కన కూర్చుని ఆ పని చూడాలి.

అందుకే వేసవి ఇంటర్న్‌షిప్‌కి కంపెనీ పేరు చూసి ఎగబడకు. సీనియర్లని "కంపెనీ ఎలా ఉంది" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. "మొన్న మంగళవారం పొద్దున పదింటికి ఏం చేస్తున్నావు? ఎవరితో మాట్లాడావు?" అని అడుగు. ఎక్సెల్ షీటు ముందు కూర్చున్నానంటారో, షాపుల వెంట తిరిగానంటారో విను. ఆ రెండిట్లో ఏది వింటే నీకు ఊపిరాడుతుందో చూసుకో. ఇలా ఓ పదిమందిని అడుగు, స్పెషలైజేషన్ అప్పుడు తేల్చుకోవచ్చు.

ప్యాకేజీల కబుర్లు విని కంగారుపడకు. సీటీసీలో, అంటే నీమీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో, కంపెనీ వేసే పీఎఫ్ ఉంటుంది, గ్రాట్యుటీ ఉంటుంది, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ ఉంటుంది. నెలకు చేతికెంతొస్తుందో అది అడుగు. నీ ఎడ్యుకేషన్ లోన్‌కి వాయిదాలు చదువయ్యాకే మొదలైనా వడ్డీ ఇప్పటినుంచే పెరుగుతోంది. స్టైపెండ్ వస్తే ముందు ఆ వడ్డీకి కట్టు.

రాత్రిళ్లు ఒంటిగంట దాకా మెలకువగా ఉండకు తల్లీ. మెస్‌లో నచ్చకపోతే మీ అమ్మ పంపిన గోంగూర పచ్చడి ఉందిగా, వేసుకుని కడుపునిండా తిను.

శనివారం సాయంత్రం ఆ కొట్టు లెక్క ఫోటో తీసి పంపు. దాంతోపాటు ఇంకొకటి వేసి చూడు: ఎమ్మార్పీ ఉంటుంది కాబట్టి బస్తా ధర పెంచే వీల్లేదు. రైతుల్లో సగంమంది సంక్రాంతిదాకా ఆగకుండా దీపావళికే కట్టేస్తే మీ నాన్నకు ఎంత మిగులుతుంది? జవాబు వచ్చాక ముందు నాన్నకి ఫోన్ చేసి చెప్పు, తర్వాత నాకు.

మీ అత్తయ్య