గాయాలు లేకపోతే డెల్ పోట్రో ఎన్ని గ్రాండ్‌స్లామ్‌లు గెలిచేవాడు?

నాలుగు. లెక్క ఎలా వచ్చిందని అడక్కండి, నోటికొచ్చింది చెప్పాను. ఈ ప్రశ్నకి ఎవరైనా నోటికొచ్చిందే చెప్తారు, కాకపోతే కొందరు పక్కన ఒక పట్టిక కూడా పెడతారు. నాకు ఈ ప్రశ్న అంటేనే చిరాకు. ఆడిన ఆట వదిలేసి ఆడని ఆట గురించి ఏడవడం ఎందుకు?

టెన్నిస్ ఆటగాడు హువాన్ మార్టిన్ డెల్ పోట్రో పేరెత్తగానే అందరూ 2009 యూఎస్ ఓపెన్ దగ్గరే ఆగిపోతారు. అర్జెంటీనాలో తండిల్ అనే ఊరి నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడు, ఆరడుగుల ఆరంగుళాల మనిషి. సెమీస్‌లో నడాల్‌ని 6-2, 6-2, 6-2తో ఇంటికి పంపించి, ఫైనల్లో ఫెదరర్‌ని ఐదు సెట్లలో ఓడించాడు. అంతకుముందు వరసగా ఐదేళ్లు ఆ కప్పు ఫెదరర్‌దే. మనకి అప్పుడు తెల్లవారుజాము. హాస్టల్ టీవీ గదిలో నేనూ చూశాను, నా చుట్టూ అందరూ ఫెదరర్ భక్తులే. నాలుగో సెట్ టైబ్రేక్ పోగానే సగం మంది దుప్పట్లు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. గొప్ప మ్యాచే, కాదనను. కానీ ఆ రోజు గెలిచినవాడికి ఫోర్‌హ్యాండ్ ఉంది, బ్యాక్‌హ్యాండ్ ఉంది, రెండు చేతులూ బాగున్నాయి. నాకు నచ్చిన డెల్ పోట్రో ఆ తర్వాతివాడు. సగం ఆటతో తిరిగొచ్చినవాడు.

ఈ పక్షపాతానికి కారణం నా ఎడమ మణికట్టు. టెన్నిస్ ఆడి పోగొట్టుకున్నది కాదు లెండి, బైక్ మీంచి పడ్డాను. నేను పొద్దున్నే కాలనీ కోర్టులో పెన్షనర్లతో డబుల్స్ ఆడే బాపతు. రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొట్టేవాళ్లకి తెలుసు, కుడిచేతివాటం వాళ్లకి అందులో అసలు పని చేసేది ఎడమ చెయ్యే. అది పాడైతే బంతి తగిలినప్పుడల్లా మణికట్టు లోపల కరెంటు కొట్టినట్టుంటుంది. చూపించుకున్న డాక్టరు (పేరెందుకులెండి) ఎక్స్‌రే కూడా సరిగ్గా చూడకుండా, "ఈ వయసులో టెన్నిస్ ఎందుకండీ, వాకింగ్ చేసుకోండి" అన్నాడు. నాకప్పటికి నలభై కూడా నిండలేదు. మన దగ్గర ముప్పై దాటినవాడు ఏ ఆట ఆడినా అందరికీ అదేదో జబ్బులాగే కనిపిస్తుంది.

డెల్ పోట్రోకి ముందు కుడి మణికట్టు పోయింది. 2010లో ఆపరేషన్. కోలుకుని వచ్చి 2012 లండన్ ఒలింపిక్స్‌లో జకోవిచ్‌ని ఓడించి కాంస్యం తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఎడమది మొదలైంది. 2014లో ఒక ఆపరేషన్, 2015లో ఇంకో రెండు. 2016 ఫిబ్రవరిలో మళ్లీ రాకెట్ పట్టుకునేసరికి ర్యాంకు వెయ్యి దాటిపోయింది. బ్యాక్‌హ్యాండ్ బలంగా బాదలేడు. ఒంటిచేత్తో స్లైస్ చేస్తూ (అంటే కింద కోసినట్టు కొడుతూ) బంతిని బతికించుకోవాలి, ఫోర్‌హ్యాండ్‌కి ఎప్పుడు చోటు దొరుకుతుందా అని కాచుకోవాలి. ఎటు కొడితే ఇబ్బంది పడతాడో ఎదుటివాళ్లందరికీ తెలుసు. అయినా ఆ ఆగస్టులో రియోలో మొదటి రౌండ్లోనే నంబర్ వన్ జకోవిచ్‌ని పడగొట్టాడు. ఆ మ్యాచ్‌కి ముందు క్రీడాగ్రామంలో లిఫ్టులో ఇరుక్కుపోయాడు కూడా. సెమీస్‌లో నడాల్‌ని గెలిచి, ఫైనల్లో మర్రే చేతిలో ఓడి రజతం పట్టుకెళ్లాడు.

మన సానియా మీర్జా విషయంలోనూ ఇదే గోల. ఆమెకీ 2008లో మణికట్టు ఆపరేషన్ అయింది. గాయాలతో వేగలేక చివరికి సింగిల్స్ మానేసి, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, మహిళల డబుల్స్, మిక్స్‌డ్ కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. ఇప్పటికీ హైదరాబాదులో ఏ కోర్టు దగ్గర నిలబడినా "సింగిల్స్‌లో ఇంకా పైకెళ్లాల్సిందండీ" అని నిట్టూర్చే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు.

అసలు నేను చెప్పాలనుకున్నది జాగ్రెబ్ గురించి. 2016 నవంబర్, డేవిస్ కప్ ఫైనల్, క్రొయేషియాతో వాళ్ల గడ్డ మీదే. డేవిస్ కప్ అంటే దేశాల జట్ల మధ్య పోటీ, ఐదు మ్యాచ్‌ల్లో మూడు గెలిచిన దేశానిదే కప్పు. అర్జెంటీనా అప్పటిదాకా నాలుగు ఫైనల్స్ ఆడి నాలుగూ ఓడింది. వాటిలో రెండిట్లో డెల్ పోట్రో ఉన్నాడు. ఆదివారానికి క్రొయేషియా 2-1తో ముందుంది. మనవాడు శుక్రవారం సింగిల్స్, శనివారం డబుల్స్ ఆడి ఉన్నాడు. ఎదురుగా మారిన్ చిలిచ్. మొదటి రెండు సెట్లూ పోయాయి. ఇంకొక్క సెట్ పోతే కప్పే పోతుంది. స్టాండ్స్‌లో మారడోనా ఊగిపోతున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి, "ఓడిపోతున్నాడుగా, ఇంకేం చూస్తారు, అన్నం చల్లారిపోతోంది" అంది.

మూడో సెట్ 7-5. పళ్లెం తెచ్చుకుని టీవీ ముందే కూర్చున్నాను. చిలిచ్ ఎడమవైపుకి కొడుతూనే ఉన్నాడు, ఇతను కిందకి వంగి కోస్తూనే ఉన్నాడు. ఆ పొడుగు మనిషి అంత కిందకి వంగడం చూస్తే నాకే మోకాళ్లు నొప్పెట్టాయి. ఉన్నట్టుండి పక్కకి జరిగి ఒక్క ఫోర్‌హ్యాండ్, పాయింటు అయిపోయేది. ఒకసారైతే వెనక్కి పరిగెత్తి, నెట్‌కి వీపు పెట్టి, కాళ్ల మధ్యనుంచి బంతిని ఎత్తుగా లాబ్ లేపాడు. అది చిలిచ్ తల మీంచి వెళ్లి కోర్టులో పడింది. చిలిచ్ కూడా ఆరడుగుల ఆరంగుళాలే! నాలుగో సెట్ 6-4, ఐదోది 6-3. దాదాపు ఐదు గంటలు. మధ్యలో చిటికెనవేలు విరిగింది. అది కూడా ఆ ఎడమ చేతిదే. ఆ తర్వాత చివరి మ్యాచ్‌లో అర్జెంటీనా జట్టులోని డెల్బోనిస్ వచ్చి క్రొయేషియా కార్లోవిచ్‌ని వరస సెట్లలో గెలిచి అర్జెంటీనాకి మొట్టమొదటి డేవిస్ కప్ ఖాయం చేశాడు.

ఇప్పుడు అలాంటి మ్యాచ్ జరగడానికే వీల్లేదు. 2018లో ఓటింగ్ పెట్టి డేవిస్ కప్‌లో ఐదు సెట్ల మ్యాచ్‌లు తీసేసి మూడు సెట్లకి కుదించారు. ఇప్పుడైతే రెండు సెట్లు పోగానే చిలిచ్‌తో చేయి కలిపి ఇంటికెళ్లడమే. జనానికి ఓపిక లేదట! కాలనీ వాళ్లూ అదే మాటన్నారు, మా కోర్టులో సగం పికిల్‌బాల్‌కి ఇచ్చేటప్పుడు.

ఆ మ్యాచ్ తర్వాతే నేను స్లైస్ మీద కూర్చున్నాను. మా కోర్టులో ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారున్నారు. నెట్ అవతల నిలబడి, "కట్ చెయ్యవయ్యా, తొయ్యకు! మణికట్టు కదలకూడదు, భుజం నుంచి దించు" అని తిట్టి తిట్టి నేర్పారు. నొప్పి లేదు, ఆట ఆగలేదు.

మోకాలి దగ్గర మాత్రం నా వాదన నడవదు. 2018లో డెల్ పోట్రో మూడో ర్యాంకుకి వచ్చాడు, యూఎస్ ఓపెన్ ఫైనల్ ఆడాడు, అదే అక్టోబర్లో షాంఘైలో మోకాలి చిప్ప విరిగింది. మరుసటేడు మళ్లీ విరిగింది. ఎన్ని ఆపరేషన్లు చేసినా లేవలేదు. 2022 ఫిబ్రవరిలో బ్యూనస్ ఐరిస్‌లో ఆడిన చివరి మ్యాచ్‌లో ఎదుటివాడెవరో తెలుసా? డెల్బోనిస్! మణికట్టు పోతే స్లైస్ ఉంది, మోకాలు పోతే ఏం చేస్తాడు?

జాగ్రెబ్ మ్యాచ్ ఎక్కడైనా దొరికితే చూడండి. టైం లేకపోతే మూడో సెట్ నుంచి మొదలెట్టండి, నష్టం లేదు.