పులి నోట 'వచ్చాడు' వినవచ్చునా?

సందేహం: గురువుగారూ, నమస్కారం. నల్లమలలోని ఒక ఆడపులి తన కథను తానే చెప్పుకుంటున్నట్టుగా పిల్లల కోసం చిన్న నవల రాశాను. పులి యొక్క దృష్టికోణం నుండి చెప్పబడిన కథ కాబట్టి 'మా నాన్న వాగు దాటి వచ్చాడు', 'నా పిల్లలు ఇద్దరూ నిద్రపోతున్నారు' అని రాశాను. చదివి పెట్టిన పెద్దాయన ఒకరు వాటిని 'వచ్చింది', 'రెండూ నిద్రపోతున్నాయి' అని దిద్దారు. పులి అమహద్వాచకం (మగవారిని చెప్పే మాట కానిది) కదా అన్నారు. 'మా అమ్మ వచ్చింది' జోలికి గాని, 'ఇద్దరు వేటగాళ్లు తుపాకులతో వచ్చారు' జోలికి గాని పోలేదు. ఏది ఒప్పు? అలాగే పులిని 'మృగం' అనాలా, 'జంతువు' అనాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, ముందు మీ ఉత్తరంలోని ఒక వాక్యంతో పేచీ పెట్టుకుని ఆ తరువాత పులి దగ్గరికి వస్తాను. 'పులి యొక్క దృష్టికోణం నుండి చెప్పబడిన కథ' అన్నారు. 'పులి చెప్పిన కథ' అంటే ఏం తక్కువైంది? మూడు మాటలతో పోయేదానికి ఆరు మాటలు. నవలలో పులి కూడా ఇలాగే మాట్లాడితే, అది పుట్టి పెరిగింది నల్లమలలో కాదు, ఏదో సర్కారు కచేరీలో అనుకుంటారు పిల్లలు.

సందేహం మాత్రం మంచిది. దిద్దిన పెద్దాయనను తప్పుపట్టలేను. సూత్రం ఆయన వైపే ఉంది. 'స్త్రీ తిర్యగ్జడ భిన్నంబులును' అని మొదలుపెట్టి బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తులేవో తేల్చేశాడు. ఆడవారు, తిర్యక్కులు, జడపదార్థాలు కాకుండా మిగిలినవే మహత్తులు. ఆడవారిని పశువుల సరసన, రాళ్ల సరసన కూర్చోబెట్టిన పాపం సూరిదా, భాషదా అని నన్ను నిలదీసినవారు ఉన్నారు. భాషదే. ఆయన ఉన్న మాట చెప్పాడు. మీ 'అమ్మ వచ్చింది' ఎర్ర సిరా తప్పించుకున్నది కూడా ఆ పాపం పుణ్యమా అనే. ఏకవచనంలో ఆడమనిషికీ ఆడపులికీ తెలుగులో క్రియ ఒక్కటే. మగపులి అడుగుపెట్టినప్పుడు, కూనలు ఒకటికి రెండైనప్పుడు మాత్రమే తగవు బయటపడుతుంది.

ఆ 'తిర్యక్కు' అనే మాటను ఒకసారి చూడండి. 'తిరస్' అంటే అడ్డంగా. దానికి పోవడం అనే అర్థమున్న 'అంచ్' ధాతువు చేరింది. అంటే అడ్డంగా పోయేది. వెన్నెముకను నేలకు సమాంతరంగా పెట్టుకుని నడిచే ప్రాణికి, నిలువుగా నడిచేవాడు పెట్టిన పేరు అది. పేరు పెట్టే పని పులికి అప్పగించి ఉంటే మనల్ని ఏమని ఉండేదో! మీ నవల తలకెత్తుకున్న పని సరిగ్గా అదే కాబట్టి, సూరి సూత్రం దగ్గరే ఆగిపోతే లాభం లేదు. అడవి జంతువు నోరు విప్పి తన గోడు తాను చెప్పుకున్నప్పుడు మన కవులు ఏ విభక్తులు వాడారో చూడాలి.

అందుకు పోతన దగ్గరికి పోవాలి. నేను ఏ సందేహం వచ్చినా పోతన దగ్గరికే పోతానని ఒక మిత్రుడు ఎత్తిపొడుస్తుంటాడు. నిజమే. కాని ఈసారి నా తప్పేమీ లేదు. మడుగులో మొసలికి చిక్కిన అడవి ఏనుగు తనలో తాను అనుకునే మాటలను ఇంత వివరంగా వినిపించినవారు తెలుగులో ఇంకొకరు నాకు తోచడం లేదు.

కవి ఒడ్డున నిలబడి చూస్తున్నంతసేపూ ఏనుగు ఏనుగే. 'కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు' అన్నప్పుడు రెంటికీ తేడా ఒక్క 'మ'కారమే. ఎవరికీ డుప్రత్యయపు (మగవారి పేర్ల చివర వచ్చే 'డు') హోదా లేదు. 'ఊహ గలంగి' అనే ఉత్పలమాలలో సంసారంలో చిక్కుకున్న దేహితో పోల్చి కూడా 'దీనదశన్ గజముండె' అనే అన్నాడు. పద్యం చివర 'శల్యమై' అన్నాడు గాని 'శల్యుఁడై' అనలేదు. పెద్దాయన చూస్తే సంతోషిస్తారు.

ఇప్పుడు ఏనుగు లోపలికి వెళ్లండి. 'దశలక్షకోటి కరిణీనాథుండనై యుండి' ఈ నీటి ఆశతో ఇక్కడికెందుకు వచ్చానురా భగవంతుడా అని వాపోతుంది. ఆ లెక్కను తిర్యక్కుల అతిశయోక్తిగా సరిపెట్టుకుని, వ్యాకరణం చూడండి. 'నాథుండను'. అంతవరకూ 'గజము' అయినది నోరు తెరవగానే 'నాథుఁడు' అయింది. తరువాత, పసిపిల్లలకు కూడా నోటికి వచ్చిన 'లావొక్కింతయు లేదు' పద్యంలో 'మన్నింపం దగున్ దీనునిన్' అని వేడుకుంటుంది. 'దీనిని' కాదు, 'దీనుని'. ఎన్ని వందల మార్లు చదువుకున్న పద్యం! ఒక ఏనుగు తనను తాను మహద్వాచకంలో చెప్పుకుంటున్నదని ఎప్పుడైనా గమనించామా?

అంతకంటే రుచికరమైనది 'ఏ రూపంబున దీని గెల్తు' అనే పద్యం. ఎవరిని గెలవాలి? మొసలిని. అందుకే 'దీని'. తాను 'నాథుండు', 'దీనుఁడు'; తన కాలు పట్టుకున్నది మాత్రం 'ఇది'. రెండూ తిర్యక్కులే, రెండూ ఒకే సూత్రం కింద పడి ఉండేవే. చెబుతున్నది ఏనుగు కాబట్టి ఏనుగుకు మహత్త్వం వచ్చింది, మొసలికి రాలేదు. (ఈ మూడు పద్యాలూ శార్దూలాలే. మీ పులికి దూరపు చుట్టరికం ఉంది.)

గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్న మహారాజు కదా, అందుకే ఆ గౌరవం అంటారేమో. అలాగైతే మొసలి కూడా పూర్వజన్మలో హూహూ అనే గంధర్వుడే. దానికి 'దీని' ఎందుకు దక్కింది? జన్మాంతరాల చిట్టా ఇక్కడ పనిచేయదు.

ఇంతటితో ఆపితే నా వాదం చక్కగా గెలిచేది. కాని అదే పద్యం రెండో పాదం చివర మొసలినే 'ఇవ్వారిప్రచారోత్తమున్' అంటుంది ఏనుగు. అమహత్తు అయితే 'ఉత్తమమున్' కావాలి. 'ఉత్తమున్' అంటే 'ఉత్తముఁడు' అన్నట్టే. పాదం తిరిగేలోపల 'దీని' కాస్తా 'ఉత్తముని' అయిపోయింది. గణం కోసం వచ్చిందని కొట్టిపారేయవచ్చు. నాకు అలా కొట్టిపారేయడానికి మనసొప్పదు. గెలవాలని చూసినంతసేపూ 'ఇది'; గెలవలేనని తెలిసి, దీన్ని వారించగలవారు ఎవరున్నారని దిక్కులు చూసేసరికి శత్రువు స్థాయి పెరిగింది. భయం మహత్త్వం ఇస్తుంది. ఇది నా ఊహ. ఛందస్సు పండితులు కోప్పడితే పడతాను. పోతన వచనాల్లో 'గజేంద్రుండు' అనే మాట కవి నోటనే వస్తుందని కూడా ఒప్పుకోవాలి.

ఇక సూరిగారి మాటకే వద్దాం. వ్యాకరణానికి ముందు, 1853లో, ఆయన నీతిచంద్రిక వెలువడింది. అందులో పావురాల రాజు చిత్రగ్రీవుఁడు, ఎలుక హిరణ్యకుఁడు, తాబేలు మంథరుఁడు, జింక చిత్రాంగుఁడు. పాపం, కాకి మాత్రం లఘుపతనకము! సంస్కృతంలో కాకి కూడా పుంలింగంలోనే ఉంటుంది. మిగిలినవారికి డు తగిలించి కాకికి ము తగిలించినది సూరిగారి తెలుగు కలమే. ఎందుకు? 'లఘుపతనకుఁడు' చెవికి ఎబ్బెట్టుగా తోచిందో, వేకువనే లేచి బూరుగుచెట్టు మీద కూర్చున్న కాకి ఆయనకు కాకిలాగే కనబడిందో. సూత్రకర్త కథ చెప్పేటప్పుడు ఈపాటి స్వేచ్ఛ తీసుకున్నాడు. మీరూ తీసుకోవచ్చు.

ఎంతవరకు? ఈ రోజుల్లో అపార్టుమెంట్లలో 'మా టామీగారు ఇంకా భోంచేయలేదండీ' అనడం వింటున్నాను. ఆ మర్యాద ఇంటికి వచ్చిన పెద్దమనిషికి దొరకదు. అది వేరే సంగతి, యజమాని ముద్దు. రైతు తన ఎద్దును 'రాముడు మొండికేశాడు' అన్నప్పుడు అది ముద్దు కూడా కాదు, కలిసి చాకిరీ చేసినవాడి మీద చనువు. ఈ రెంటిలోనూ మాట్లాడేది మనిషే. మీ నవలలో మాట్లాడేది పులి. పులికి పులి తిర్యక్కు కాదు. కాబట్టి ఆమె నోట 'నాన్న వచ్చాడు', 'పిల్లలు ఇద్దరూ నిద్రపోతున్నారు' నాకు వినసొంపుగానే ఉన్నాయి. మధ్యలో మీరు రచయిత్రిగా గొంతు మార్చి ఒక మాట చెప్పవలసి వస్తే, అక్కడ 'మగపులి వచ్చింది' అనండి. పెద్దాయన దిద్దుబాటు ఆ చోట్లకు సరిగ్గా సరిపోతుంది.

అసలు 'నాన్న' అనే మాట మీదే నాకు కొంచెం అనుమానం. కూనలు రెండేళ్ల దాకా తల్లి వెంట తిరుగుతాయని, పెంపకంలో మగపులికి సాధారణంగా వాటా ఉండదని అడవి తెలిసినవారు చెబుతారు. వాగు దాటి వచ్చిన ఆ మగపులి మీ కథానాయికకు నాన్నా, పరాయివాడా? పరాయివాడైతే 'వచ్చాడు' కంటే 'వచ్చింది'లోనే భయం ఎక్కువ వినిపిస్తుందేమో చూడండి. ఇది వ్యాకరణం కాదు. మీ కథ, మీ ఇష్టం.

మృగం సంగతి ఒక్క మాటలో. 'మృగ్' అంటే వెదకడం, వేటాడడం. మృగం అంటే మొదట అడవి జంతువు ఏదైనా సరే, తరువాత ప్రత్యేకించి జింక. దాని తద్భవం 'మెకము' మన కావ్యాల్లో ఉంది, దాన్ని చంపుకున్నాం. పులిని మృగం అన్నా జంతువు అన్నా తప్పు లేదు గాని, పులి తనను తాను రెండూ అనుకోదు. పత్రికలవారు మాత్రం ఆడపిల్లలపై అఘాయిత్యం చేసినవాణ్ని 'మృగాడు' అని రాస్తున్నారు. ఇన్నేళ్లుగా ఏ మృగానికీ దక్కని డుప్రత్యయం మనిషి చేసిన నేరానికి దక్కింది. మీ పులి చదివితే పరువునష్టం దావా వేస్తుంది.

మిగిలింది ఆ వేటగాళ్ల వాక్యం. పెద్దాయన దాన్ని దిద్దలేదు, మీరూ దాన్ని గురించి అడగలేదు. నాకు కలుక్కుమన్నది అదే. 'ఇద్దరు వేటగాళ్లు వచ్చారు' అనేంత మర్యాద పులికి ఎవరు నేర్పారు? పులిని మహత్తు చేస్తే మనిషి ఏమవుతాడు? ఏనుగు మొసలిని 'దీని' అన్నట్టు, ఆమె 'రెండు మనుషులు వచ్చాయి' అనాలి కదా! రాసి చూడండి. పిల్లలు మొదట నవ్వుతారు, తరువాత నవ్వడం మానేస్తారు. పుస్తకమంతా అలాగే నడపగలరని హామీ ఇవ్వలేను; నాలుగు పుటలకే విసుగెత్తవచ్చు. అప్పుడు పోతన చేసినట్టే చేయండి. పొదలోంచి తొలిసారి చూసినప్పుడు 'వచ్చాయి'. తుపాకి పేలిన తరువాత 'వాళ్లు'.