రక్తనాళాల కణాలు వదిలే పెప్టైడ్‌ను ల్యాబ్‌లో ఎలా గుర్తిస్తారు?

కావలి తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మనిషి కణాలు కావాలంటే ఎక్కువగా కాన్పయ్యాక పారేసే బొడ్డుతాడు సిరలోంచే తీసి పెంచుతారు. తర్వాత సీరం (కణాలు పెరగడానికి వేసే, రక్తంలోంచి తీసిన ద్రవం) లేని ద్రవంలో కొన్ని గంటలుంచి ఆ ద్రవాన్నే తీసుకుంటారు, సీరం ఉంటే దాని ప్రోటీన్ల గుంపులో మనక్కావాల్సింది కనపడి చావదు. మన నెల్లూరోళ్ళు రొయ్యల్ని కౌంటు చూసి వేరు చేసినట్టే ఆ ద్రవంలోని వాటిని హెచ్‌పీఎల్‌సీతో (ద్రవంలో కలిసున్న పదార్థాల్ని వేరు చేసే పద్ధతి) విడదీస్తారు, కాకపోతే ఇక్కడ సైజు కన్నా నీటితో ఎంత కలుస్తుందన్నదే ముఖ్యం. మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం అలా విడదీసిన పెప్టైడ్ ముక్కల బరువు తూచి అమైనో ఆమ్లాల వరస చెబుతుంది.

1988లో జపాన్ వాళ్ళు పంది కణాల ద్రవంలోంచే 21 అమైనో ఆమ్లాల ఎండోథెలిన్‌ అనే పెప్టైడ్‌ని పట్టుకున్నారు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, చచ్చి పగిలిన కణాల్లోని సరుకు కూడా ద్రవంలోకొస్తుంది, అందుకే ఎల్‌డీహెచ్ (కణం పగిలితే బయటికొచ్చే ఎంజైమ్) టెస్టు చేసి చూడాలి.