టెక్ సందేహాలు: రూ.30 వేలలో డెస్క్‌టాప్.. ఐ7 పేరు చూసి డబ్బు కట్టొద్దు

ప్రశ్న: డిగ్రీ చదివే మా అమ్మాయికి డెస్క్‌టాప్ కొనాలి. ఎక్సెల్, ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులు, యూట్యూబ్.. ఇంతే పని. గేమ్స్ ఆడదు. పాత మానిటర్ ఉంది. సీపీయూకి రూ.30 వేల దాకా పెట్టగలం. ఒక షాపులో రూ.16 వేలకే ఐ7, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండీ. ఆ ధరకు వచ్చే ఐ7 (ఇంటెల్ ప్రాసెసర్) సాధారణంగా 2600 లేదా 3770 అయి ఉంటుంది. మొదటిది 2011లో, రెండోది 2012లో వచ్చాయి. ప్రాసెసర్ పూర్తి నంబరు అడిగి కొటేషన్‌లో రాయించుకోండి. ఈ రకం నంబర్లలో నాలుగంకెలుంటే మొదటి అంకె, ఐదంకెలుంటే మొదటి రెండంకెలు దాని జనరేషన్ (తరం). విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్ నుంచే అర్హత. టీపీఎం 2.0 (కంప్యూటర్ భద్రతకు ఉండే చిప్) కూడా ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కొన్నిచోట్ల పాత బోర్డు మీదే అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇస్తారు. అది పనిచేస్తుంది కానీ, అప్‌డేట్లు వస్తాయన్న భరోసా ఉండదు.

ఆ 2 జీబీ కార్డు గురించీ ఆలోచించాలి. ఇలాంటి సెట్లలో ఎక్కువగా జీటీ 710 లాంటివి పెడతారు. యూట్యూబ్ వీడియోలు చాలావరకు వీపీ9 అనే వీడియో ఫార్మాట్‌లో ఉంటాయి. దాన్ని డీకోడ్ చేసే (విప్పి చూపించే) హార్డ్‌వేర్ ఆ కార్డులో లేదు, ఆ పాత ఐ7లోనూ లేదు. దాంతో భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడి, వీడియో నడుస్తుంటే మిగతా పనులు నెమ్మదిస్తాయి.

మీకు సరిపోయేది ఇంటెల్ కోర్ ఐ3-12100 ప్రాసెసర్. ఐ7-3770లాగే దీనికీ 4 కోర్లు, 8 థ్రెడ్లు. కానీ ఒక్కో కోరు వేగం ఎంతో ఎక్కువ. ఇందులోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ వీపీ9నే కాదు, ఏవీ1 అనే మరో వీడియో ఫార్మాట్‌నీ తేలిగ్గా ఆడిస్తుంది. విడిగా కార్డు అక్కర్లేదు. దీనికి హెచ్610 మదర్‌బోర్డు చాలు. అయితే హెచ్610లో డీడీఆర్4 బోర్డులు వేరు, డీడీఆర్5 బోర్డులు వేరు. ఒకదాని ర్యామ్ మరోదానిలో పట్టదు. బోర్డు మీద ఎం.2 స్లాట్ (కింద చెప్పిన ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) ఉందో లేదో, మీ పాత మానిటర్‌కు వీజీఏ (పాత రకం కనెక్షన్) ఒక్కటే ఉంటే బోర్డుకీ వీజీఏ పోర్టు ఉందో లేదో చూడండి. ఈ ధరలో చాలా బోర్డులకు వైఫై ఉండదు. రూటర్ దూరంగా ఉంటే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కూడా లెక్కలో వేసుకోవాలి.

ర్యామ్ రెండు 8 జీబీలు వేస్తే మంచిదే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పటికి ఒకే 8 జీబీ స్టిక్ వేసి, రెండో స్లాట్ ఖాళీగా ఉంచండి. రెండు 4 జీబీలు మాత్రం వద్దు. తర్వాత పెంచాలంటే వాటిని తీసేయాల్సి వస్తుంది. స్టోరేజీకి 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్‌కు బదులు వాడే వేగమైన స్టోరేజీ) తీసుకోండి. విండోస్‌ను హార్డ్‌డిస్క్ మీద వేస్తే ప్రాసెసర్ ఏదైనా సిస్టం ఈడుస్తూనే ఉంటుంది.

అందరూ కోత పెట్టేది ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) దగ్గరే. నా దృష్టిలో అది పెద్ద తప్పు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాని మీద 450 వాట్స్ అని రాసి ఉన్నా, నిజంగా అంత ఇవ్వగలదన్న నమ్మకం లేదు. వోల్టేజీ హెచ్చుతగ్గులకు అది పోతూ పోతూ బోర్డును, ఎస్ఎస్‌డీని కూడా తీసుకుపోవచ్చు. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే ప్రమాణం) ముద్ర ఉన్న 450 వాట్స్‌ది విడిగా కొనండి. డబ్బు చాలకపోతే క్యాబినెట్ చవకది తీసుకోండి. ఊళ్లో కరెంటు తరచూ పోతుంటే 600 వీఏ యూపీఎస్ తప్పదు. సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత సమయం దొరుకుతుంది. సీపీయూ బాడీని ముట్టుకుంటే జివ్వుమంటే ముందు ఇంటి ఎర్తింగ్ చూపించండి.

రూ.30 వేలు కూడా కష్టమైతే రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) ఆఫీస్ డెస్క్‌టాప్ మేలు. ఐ5-8500 ఉన్న డెల్ ఆప్టిప్లెక్స్ 3060, హెచ్‌పీ ప్రోడెస్క్ 400 జీ5 లాంటివి చూడండి. చూడ్డానికి అలాగే ఉండే ఐ5-6500 ఇస్తే వద్దనండి. దానికి విండోస్ 11 అర్హత లేదు. డబ్బు కట్టేముందు విండోస్ రన్‌లో టీపీఎం.ఎంఎస్‌సీ (tpm.msc) కొట్టి వెర్షన్ 2.0 అని వస్తుందో లేదో చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఎస్‌డీ ఆరోగ్య శాతం కూడా చూడండి. వీటిలో ఎస్ఎంపీఎస్, బోర్డు కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. పాడైతే బజార్లో దొరికే మామూలువి పట్టవు. కాబట్టి కనీసం ఏడాది వారంటీ రాసిచ్చే చోటే కొనండి. ఏది కొన్నా జీఎస్టీ బిల్లు మీద విడిభాగాల సీరియల్ నంబర్లు వేయించండి.

ప్రశ్న: తక్కువకు వస్తోందని ఆన్‌లైన్‌లో ఐ3-12100ఎఫ్ కొని అసెంబుల్ చేయించాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ మానిటర్‌పై 'నో సిగ్నల్' అంటోంది. బోర్డు పోయిందా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: బోర్డు బాగానే ఉండి ఉంటుంది. చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. అందుకే బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా అందులోంచి ఏమీ రాదు. రిటర్న్ గడువు ఉంటే ఎఫ్ లేని 12100కి మార్చుకోండి. గడువు దాటితే తెలిసినవాళ్ల దగ్గర ఏదైనా గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టి, మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాకుండా ఆ కార్డుకే గుచ్చి చూడండి. బొమ్మ వస్తే ఒక సెకండ్ హ్యాండ్ కార్డుతో సరిపెట్టుకోవచ్చు. ఏఎండీ కొనేవాళ్లకూ ఇదే జాగ్రత్త: రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉంటుంది, రైజెన్ 5 5500లో ఉండదు.